పొరుగు ఓర్వని మొక్క

అనగనగా ఒక రాజు. పేరు మహీసేనుడు. కిరీటం ఉంది, మీసం ఉంది, కోపం ఉంది. ఆయన రాజ్యం ఎంత పొడవంటే, పడమటి కొసన గుర్రమెక్కినవాడు తూర్పు కొసన దిగేసరికి గుర్రానికి పళ్ళూడిపోయేవి.

పడమట ఎడారి. అక్కడ వాన పడితే చుట్టాలొచ్చినంత సంబరం. నడుమ రాళ్ళ గుట్టలు. ఆరు నెలలు ఎండి, ఆరు నెలలు తడిసి, రెండిటికీ అలవాటుపడ్డ గుట్టలు. తూర్పున చీకటి అడవి. అక్కడ ఎండ పడితే చుట్టాలొచ్చినంత సంబరం.

ఎడారిలో పెరిగే చెట్టు గుట్ట మీద పెరిగేది కాదు. గుట్ట మీద పెరిగేది అడవిలో పెరిగేది కాదు. ఇక అడవిలోనంటారా, ఈ చెట్టుకీ పక్క చెట్టుకీ చుట్టరికమే ఉండేది కాదు. ఎడారి వాళ్ళు జమ్మికాయలు ఎండబెట్టి కూర వండుకునేవాళ్ళు. గుట్టల వాళ్ళు తునికిపళ్ళు తిని, రేల పూలు తలలో పెట్టుకునేవాళ్ళు. అడవి వాళ్ళు ధూపదామర చెట్టు బంకతో ఇంట్లో ధూపం వేసుకునేవాళ్ళు. ఎవరి బతుకు వాళ్ళది, ఎవరి చెట్టు వాళ్ళది.

రాజుగారికి మాత్రం ఇదంతా నామోషీగా ఉండేది. పొరుగు రాజులు విందుకొచ్చి, "మీ రాజ్యపు పువ్వు ఏదండీ?" అని అడిగేవాళ్ళు. ఒక్క పువ్వు పేరు చెప్పబోతే పక్కనున్న మంత్రి, "అది మా వైపు పూయదు ప్రభూ" అనేవాడు. ఇంకో పేరు చెబితే సేనాపతి, "దాని పేరే వినలేదు ప్రభూ" అనేవాడు. రాజుగారు పెరుగన్నంలో పడ్డ ఈగలా గిలగిల్లాడేవాడు.

అలాంటి రోజుల్లో కొలువుకి ఒక మాంత్రికుడు వచ్చాడు. పేరు ఏకపత్రుడు. తెల్లటి బట్టలు, తియ్యటి మాట, చేతిలో ఒక చిన్న మొక్క. దాని నిండా బంగారు రంగు పూలు.

"మహారాజా, దీన్ని రత్నగంధి అంటారు. ఎడారిలో పూస్తుంది, గుట్ట మీద పూస్తుంది, అడవిలో పూస్తుంది. పన్నెండు నెలలూ పూస్తుంది. ముల్లు లేదు, పురుగు పట్టదు, ఆకు రాలదు."

"వెల?" అన్నాడు రాజు.

"వెలా గిలా లేదు మహారాజా. దీనికి పొరుగంటే గిట్టదు, అంతే. దీన్ని నాటిన నేల మీద ఇంకేదీ ఉండకూడదు."

ఊరికే ఇస్తానన్నవాడిని రెండుసార్లు చూడాలని రాణి తరళాదేవికి తెలుసు. "దాని కాయ ఎలా ఉంటుంది? పశువులు తింటాయా?" అని అడిగింది.

"తల్లీ, అందానికి కాయలెందుకు?" అని నవ్వాడు మాంత్రికుడు. కొలువంతా నవ్వింది. రాణి నవ్వలేదు. ఆడదాని మాట కొలువులో నిలిచిందెప్పుడు లెండి.

రాజ్యమంతా దండోరా వేయించారు. పీకండి, నరకండి, తవ్వండి. భటులు ఎడారిలో పీకారు, గుట్టల మీద నరికారు, అడవిలో తవ్వారు. మూడేళ్ళు తిరిగేసరికి పడమటి కొస నుంచి తూర్పు కొస దాకా ఒకే మొక్క. ఒకే పువ్వు. పొరుగు రాజులొచ్చి ఆహా అన్నారు, ఓహో అన్నారు, వెళ్ళిపోయారు. తేనెటీగలు వచ్చాయి, ఒక చుట్టు తిరిగాయి, అవీ వెళ్ళిపోయాయి. మేకలు ఆకు నమిలి ఉమ్మేశాయి. జమ్మికాయ లేదు, తునికిపండు లేదు, చిగురు లేదు, దుంప లేదు. బంగారు పూల నడుమ కూచుని పిల్లలు ఆకలికి ఏడ్చారు.

రాజుగారికి అప్పటికి కళ్ళు తెరుచుకున్నాయి. అప్పుడు పీకించబోతే రత్నగంధి రాలేదు. ఒకటి పీకితే రెండు మొలిచాయి. మాంత్రికుడి కోసం వెతికిస్తే, వాడు ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో ఉన్నాడని తెలిసింది.

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కనకసేనుడు, రెండోవాడు వజ్రసేనుడు. ఈ ఇద్దరి పేర్లూ తండ్రి పెట్టాడు. మూడోవాడి పేరు తల్లి పెట్టింది. దవనసేనుడు.

పెద్దవాడు కత్తి పట్టుకుని పడవెక్కాడు. పడవ ఖాళీగా తిరిగొచ్చింది. రెండోవాడు కాగడా పట్టుకుని పడవెక్కాడు. పడవ ఖాళీగా తిరిగొచ్చింది. పడవ నడిపే ముసలాయన రాణి ముందు నిలబడి తలపాగా తీసి చెప్పాడు.

"అమ్మా, వాడి వాకిట్లో తల్లిమొక్క ఉంది. పెద్దబాబు కత్తితో నరికాడు. నరికిన చోటల్లా రెండేసి కొమ్మలొచ్చాయి. రెండోబాబు నిప్పు పెట్టాడు. బూడిదలోంచి నూరు పిలకలొచ్చాయి. మాంత్రికుడు ఇద్దర్నీ రెండు మొక్కలు చేసి అటూ ఇటూ నాటుకున్నాడు. 'ఏడాదిలో వీళ్ళ వేళ్ళు నేలలోకి దిగుతాయి, దిగాక ఇక మనుషులు కారు, పోయి చెప్పు' అన్నాడమ్మా."

రాణి ఏడవలేదు. మూడోవాణ్ణి పిలిచింది. "నాయనా, నరకడం పెద్దన్న చేశాడు. కాల్చడం చిన్నన్న చేశాడు. నువ్వు నాటు."

"ఏం నాటనమ్మా? మన నేల మీద ఏం మిగిలింది?"

"మీ నాన్న భటులు కదా పీకింది. జీతానికి పనిచేసేవాడు ఎక్కడో ఒక చోట బద్ధకిస్తాడు. వెతుకు."

ఎడారికొకటి, గుట్టలకొకటి, అడవికొకటి, మూడు సంచులు కుట్టి ఇచ్చింది. ఒక్కో దానిలో గుప్పెడు బూడిద, గుప్పెడు వేపాకు. రాజుగారి నగరం చుట్టూ ఒకప్పుడు వరి పొలాలుండేవి. గింజంటే మూడు రోజులు ఎండాలి, బూడిద పూసుకోవాలి, వేపాకుల మధ్య పడుకోవాలి. అక్కడ పుట్టిన ప్రతివాడికీ ఇది ఉగ్గుపాలతో వచ్చిన చదువు.

దవనసేనుడు ముందు పడమటికి వెళ్ళాడు. నడిచాడు, నడిచాడు, చెప్పులు అరిగేదాకా నడిచాడు. ఇసుకలో, రత్నగంధి మధ్య, ఒకే ఒక జమ్మిచెట్టు కనిపించింది. దాని మొదట్లో ఒక ఉడుము ఎండ కాచుకుంటోంది.

"ఏరా అబ్బాయ్, పార తెచ్చావా?" అంది ఉడుము.

"లేదు తాతా. దీన్నొక్కదాన్నీ ఎందుకు వదిలేశారు?"

"వదిలెయ్యలేదు. పైన నరికారు. తర్వాత వేరు కోసం తవ్వారు. ఒక మనిషి లోతు తవ్వారు, వేరు ఉంది. ఇద్దరు మనుషుల లోతు తవ్వారు, వేరు ఉంది. ముగ్గురు మనుషుల లోతు తవ్వి, 'దీని వేరు పాతాళంలో ఉంది, రాజుగారే వచ్చి తవ్వుకోనీ' అని పారలు పారేసి పోయారు. మళ్ళీ చిగిర్చింది."

దవనసేనుడు తన అన్నల సంగతి చెప్పాడు. ఉడుము నాలుక బయటికి పెట్టి, లోపలికి పెట్టి, ఆలోచించింది.

"వాడి ప్రాణం చిలకలో ఉంటుందనుకుంటున్నావేమో. చిలక ఉండాలంటే పండుండాలి, తొర్ర ఉండాలి. వాడి దీవిలో అవెక్కడివి? వాడి ప్రాణం ఆ తల్లిమొక్కలో ఉంది. అది కత్తికి చావదు, నిప్పుకి చావదు. పొరుగుకి చస్తుంది. ఎడారిదొకటి, గుట్టదొకటి, అడవిదొకటి, మూడూ దాని గడపలో బతికి చూపిస్తే ఓర్వలేక చస్తుంది."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ నాటలేదా?"

"నాటినవాళ్ళున్నారు. బతికించినవాళ్ళు లేరు. ఇదిగో కాయలు, పట్టుకుపో. ఒక్క మాట విను. ఈ మొక్క పైకి వేలెడు లేచేసరికి కిందికి బారెడు దిగుతుంది. నీళ్ళు పోసి ముద్దు చేశావో, కుళ్ళి చస్తుంది."

దవనసేనుడు జమ్మి గింజలు మూడు రోజులు ఎండబెట్టి, బూడిద పూసి, మొదటి సంచిలో వేశాడు. అమ్మ చెప్పిన పద్ధతి బాగానే నడిచింది.

తర్వాత గుట్టలకు వెళ్ళాడు. ఎక్కాడు, దిగాడు, మోకాళ్ళు అరిగేదాకా ఎక్కి దిగాడు. ఒక లోయలో, గుహ ముందు, ఒకే ఒక రేలచెట్టు. పసుపు పూలు గుత్తులుగా వేలాడుతున్నాయి, నల్లటి పొడుగు కాయలు కర్రల్లా వేలాడుతున్నాయి. గుహలోంచి ఎలుగుబంటి ఒళ్ళు విరుచుకుంటూ వచ్చింది.

"ఇది ఎందుకు మిగిలిందని అడగబోతున్నావు. భటులు వచ్చారు. నేను ఆవలించాను. భటులు వెళ్ళిపోయారు. నీకేం కావాలి బాబూ?"

"గింజలు."

"చెట్టు నిండా ఉన్నాయి, కోసుకో. ఏం లాభం? పదేళ్ళు నేలలో పెట్టినా అవి రాళ్ళే. దాని పెంకు అలాంటిది. నా పొట్టలోకి పోవాలి, రెండు రోజులు నానాలి, అప్పుడు మెత్తబడుతుంది."

"రెండు రోజుల తర్వాత?"

"తర్వాతేముంది బాబూ, బయటికొస్తుంది. ఏరుకో."

రాజుగారి కొడుకు రెండు రోజులు ఎలుగుబంటి వెనకాల తిరిగాడు. ముక్కు మూసుకుని ఏరాడు. పట్టుబట్టలతోనే వంగి వంగి ఏరాడు. మీరు నవ్వండి, ఫరవాలేదు, ఎలుగుబంటి కూడా నవ్వింది. ఏటిలో కడిగి, ఎండబెట్టి, బూడిద పూసి, రెండో సంచిలో వేశాడు. అమ్మ పద్ధతి మళ్ళీ నడిచింది.

మూడోసారి తూర్పు అడవికి వెళ్ళాడు. వానలో తడిశాడు, జలగలకు రక్తమిచ్చాడు. ఒకప్పటి అడవి నడిబొడ్డున ఒకే ఒక ధూపదామర మాను. పది మంది చేతులు చాపి కౌగిలించుకున్నా చాలని మాను. దాన్ని నరకడానికి వచ్చిన భటుల గొడ్డళ్ళు బంకలో కూరుకుపోయి, ఇంకా దాని ఒంటికే వేలాడుతున్నాయి. చెట్టు కింద కాయలు వందల కొద్దీ రాలి ఉన్నాయి.

"ఆహా, ఇది అన్నిటికన్నా తేలిక!" అనుకున్నాడు దవనసేనుడు. సంచి నిండా ఏరాడు. మాను నీడ దాటి, కాస్త ఎండ పడే బండ ఒకటి వెతికి, దాని మీద గింజలు పరిచి, మూడు రోజులు కాపలా కాశాడు. కింద మిగిలిన కాయలు అడవిపందులు తినేశాయి. తింటే తిననీ, మనకి కావలసినవి మన దగ్గరున్నాయిగా అనుకున్నాడు. నాలుగో రోజు బూడిద పూస్తూంటే గింజలు గలగలమన్నాయి.

"ఆ చప్పుడేమిటి?" అని చెట్టులోంచి ఎవరో అరిచారు.

పైన మాను తొర్రకి మట్టితో గోడ కట్టి ఉంది. గోడలో సన్నటి సందు. ఆ సందులోంచి పెద్ద ముక్కు ఒకటి బయటికొచ్చింది. పెద్దముక్కు పిట్ట. గుడ్లు పెట్టినప్పుడు అది తొర్రలో కూచుని తలుపు మూసుకుంటుంది, పిల్లలు పెద్దయ్యేదాకా బయటికి రాదు. మొగుడు తెచ్చిపెట్టేది తింటుంది.

"గింజలత్తా, ఎండబెట్టాను" అన్నాడు దవనసేనుడు.

"ఎండబెట్టావా! ఏ ఊరు నాయనా మీది? చేపను ఎండబెట్టి చెరువులో వదిలి ఈదమంటావా? ఇది తడిలో పుట్టి తడిలో రాలి తడిలోనే లేచే గింజ. ఎండా కాలమంటే దానికేం తెలుసు, దాచుకోవడమంటే దానికేం తెలుసు? రాలిన వారంలో మొలవాలి, లేదా చావాలి. నువ్వు పూసింది శవాలకి బూడిద."

"ఇంకో కాయ?"

"ఏడేళ్ళకోసారి కాస్తుంది. మొన్న కాసింది."

దవనసేనుడు కూలబడ్డాడు. అన్నలకు ఇంకా మూడు నెలలే గడువు. మూడు రోజులు ఎండబెట్టింది గింజల్ని కాదు, కనకసేనుణ్ణి, వజ్రసేనుణ్ణి. మనసు పెట్టి, ప్రేమగా, అమ్మ నేర్పినట్టే చేశాడు. ఒక చోట సుగుణం ఇంకో చోట హత్య అవుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చాలాసేపు ఏడ్చాడు.

"ఏడుపు చాలుగానీ, నీ కాలు తీయ్" అంది పిట్ట.

కాలు తీసి చూశాడు. బురదలో అతని పాదం అచ్చు. మొదటి రోజు ఏరేటప్పుడు అతని కాలికిందే తొక్కుకుపోయిన గింజ ఒకటి అందులో ఉంది. పందులకు దొరకలేదు, అతనికీ దొరకలేదు. పగిలి, తెల్లటి వేరు బయటపెట్టింది.

వెదురుబొంగు కోసి, తడినాచు కూరి, గింజని అందులో పెట్టాడు. మూడో సంచిని విప్పి బూడిద దులిపేశాడు.

పడవెక్కాడు. మొదటి సముద్రం దాటేసరికి గింజలోంచి కాడ లేచింది. రెండోది దాటేసరికి రెండు ఆకులు విప్పింది. మూడో సముద్రంలో గాలి ఆగిపోయింది. కుండలో మంచినీళ్ళు తగ్గిపోయాయి. రోజుకి రెండు దోసిళ్ళు వచ్చేవి. ఒకటి పడవ ముసలాయనకి, రెండోది తనకి. తన దోసిట్లో సగం నాచు మీద పోసేవాడు.

"బాబూ, మొక్క కోసం మనిషి ఎండటమేమిటి?" అన్నాడు ముసలాయన.

"ఒకసారి ఎండబెట్టాను కదా" అన్నాడు దవనసేనుడు, పగిలిన పెదాలతో.

నాలుగు, అయిదు, ఆరు, ఏడు. దీవి వచ్చింది. దీవి నిండా రత్నగంధే. పిట్ట కూత లేదు, పురుగు రొద లేదు. పువ్వులున్నాయి గానీ అక్కడ గాలికి కూడా పనిలేనట్టుంది.

ఏకపత్రుడు వాకిట్లో పీట మీద కూచుని ఉన్నాడు. ఎదురుగా తల్లిమొక్క. దానికి అటొకటి ఇటొకటి చిన్న మొక్కలు. గాలి లేకపోయినా, దవనసేనుణ్ణి చూడగానే ఆ రెండూ వణికాయి.

"నువ్వేం తెచ్చావు రాకుమారా? కత్తా, కాగడా?"

"మూడు మొక్కలు. ఇక్కడ నాటడానికి. అవి బతికితే మా అన్నల్ని వదిలెయ్యాలి."

మాంత్రికుడు మూడు మొక్కల పేర్లూ విన్నాడు. భయపడతాడనుకున్నాడు దవనసేనుడు. వాడు హాయిగా నవ్వాడు. "నాటు నాయనా. ఒకదాన్ని బతికించేది ఇంకోదాన్ని చంపుతుంది, అందుకేగా ఒక్కదాన్నే పెంచుకున్నాను. రకాలున్న చోట గొడవలుంటాయి. నా దీవిలో గొడవుందా చూడు. అమావాస్య నుంచి అమావాస్య దాకా గడువు. ఆ రోజుకి మూడూ బతికుంటే నీ అన్నలు నీవాళ్ళు. ఒక్కటి తగ్గినా నువ్వు నా మూడో మొక్కవి."

దవనసేనుడు రాజుగారి తోటలో పెరిగినవాడు. నూలు తాడు పట్టి కొలిచి, తల్లిమొక్క ఎదురుగా ఒకే వరసలో మూడు గుంటలు తవ్వాడు. మూడిటికీ ఒకే ఎరువు వేశాడు. పొద్దున ఒక ముంత, సాయంత్రం ఒక ముంత, మూడిటికీ సమంగా పోశాడు. జమ్మి మొలిచింది, రేల మొలిచింది. పదో రోజుకి జమ్మి మొదలు కుళ్ళి ఒరిగిపోయింది. ధూపదామర ఆకులు ఎండకి మాడి ముడుచుకున్నాయి. రేల ఒక్కటే, ఎండకీ తడికీ అలవాటుపడ్డది కనక, బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

దవనసేనుడు తల పట్టుకున్నాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

గిన్నెల గంప నెత్తిన పెట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. పేరు గురివింద. చిన్నప్పుడు ఏ ఒడ్డు నుంచో మాంత్రికుడు ఎత్తుకొచ్చాడు. వాడి అంట్లు తోముతుంది, వాడి వాకిలి ఊడుస్తుంది.

"ఎందుకు నవ్వుతావు? మూడిటికీ సమంగానే చేశానే!"

"అదే కదయ్యా నవ్వు. మీ ఇంట్లో పసిపిల్లకీ వస్తాదుకీ ఒకే ముద్ద పెడతారా? ధర్మప్రభువులు!"

"మరి వాకిలి ఒక్కటే. ఎండ ఒక్కటే. నేనేం చెయ్యను?"

"వాకిలి ఒక్కటని నీకెవరు చెప్పారు? పీట మీద కూచునేవాడు చెప్పాడా? ఆయనకేం తెలుసు. లే, నాతో రా."

గురివింద అతన్ని ఇంటి చుట్టూ తిప్పింది. పడమటి గోడ వారన, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసుక కుప్ప ఉంది. "ఇక్కడ అప్పడాలు పెడితే పూటలో ఎండుతాయి. మధ్యాహ్నం కాలు పెట్టావంటే బొబ్బలే. రాత్రికి మాత్రం చల్లబడుతుంది." అతన్ని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. ఉత్తరపు గోడకీ నీళ్ళతొట్టికీ మధ్య ఇరుకు సందు. తొట్టి పగులులోంచి బొట్టు బొట్టు నీరు కారుతోంది. గోడంతా నాచు. "ఇక్కడ బోర్లించిన గిన్నె వారం రోజులైనా ఆరదు. సూర్యుడు ఈ సందు మొహం చూడలేదు. నా చీర ఇక్కడ ఆరేశావంటే బూజు పడుతుంది. ఈ ఇంట్లో ఎడారీ ఉంది, అడవీ ఉంది. పని చేసేవాళ్ళకి కనబడుతుంది."

దవనసేనుడు ఆమె వైపు నోరు తెరుచుకు చూశాడు. "నీకు మొక్కలు తెలుసా?"

"ఇక్కడ మొక్కలెక్కడున్నాయి తెలియడానికి? తడి తెలుసు, పొడి తెలుసు. నువ్వు మొక్కల సంగతి చెప్పు."

అతను ఉడుము మాటా ఎలుగు మాటా పిట్ట మాటా చెప్పాడు. ఇద్దరూ కలిసి మిగిలిన జమ్మి గింజలు ఇసుక కుప్పలో నాటి, ఒకే ఒక్కసారి నీళ్ళు పోశారు. ధూపదామరను వేరు చుట్టూ మట్టిగడ్డతో సహా లేపి నీళ్ళతొట్టి సందులో పెట్టారు. రేలను ఉన్నచోటే ఉంచారు.

జమ్మి అయిదు రోజుల్లో మొలిచింది. దవనసేనుడు ముంత పట్టుకుని వెళ్ళబోతే గురివింద ముంత లాక్కుంది. "ఉడుము ఏం చెప్పింది? చేతులు కట్టుకుని కూచో. కూచోవడం రాదా మీ రాజులకి?"

ధూపదామర మాత్రం ఉన్న ఆకులు కూడా రాల్చేసింది. పుల్ల మిగిలింది. రోజూ పొద్దున ఇద్దరూ సందులో వంగి చూసేవాళ్ళు. పుల్ల పుల్లగానే ఉండేది. ఇరవయ్యో రోజున గురివింద దాని బెరడుని గోటితో ఇంతే ఇంత గీకింది. కింద పచ్చగా ఉంది.

"బతికే ఉంది. మాట్లాడే ఓపిక లేదు, అంతే."

ఏకపత్రుడు రోజూ పీట మీంచి వాకిట్లోకి చూసేవాడు. మూడు గుంటల్లో రెండు ఖాళీ. "ఒకటి మిగిలింది, పాపం" అనేవాడు. తన తల్లిమొక్క అంచులు పసుపెక్కడం చూశాడు. ఎండలు ఎక్కువయ్యాయనుకున్నాడు. ఇంటి వెనక్కి ఎప్పుడూ వెళ్ళలేదు. తన అంట్లు తను తోముకుంటే వెళ్ళేవాడు.

అమావాస్య వచ్చింది. మాంత్రికుడు మంత్రదండం పట్టుకుని లేచాడు. "రా నాయనా, నిన్నెక్కడ నాటమంటావు?"

"ముందు మొక్కలు చూడండి" అన్నాడు దవనసేనుడు. రేలను చూపించాడు. మూడు జతల ఆకులు. పడమటి గోడకి తీసుకెళ్ళాడు. ఇసుకలో వేలెడు జమ్మి, చిన్న ముల్లుతో సహా. మాంత్రికుడి మొహం పాలిపోయింది. "రెండయ్యాయి. మూడోది?" అన్నాడు.

దవనసేనుడు ఇంటి వెనక్కి దారి తీశాడు, అడుగులో అడుగు వేసుకుంటూ. ఎందుకంటే నిన్న సాయంత్రానికి కూడా అది పుల్లే. గురివిందతో కలిపి ముగ్గురూ సందులోకి వంగారు.

పుల్ల కొసన, ఎర్రగా, తడిగా, అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల చెవంత చిగురు.

వాకిట్లో తల్లిమొక్క పూలన్నీ ఒక్కసారి రాలాయి. ఏకపత్రుడు "ఇన్ని రకాలు... ఎందుకు..." అంటూ కుంచించుకుపోయాడు. మనిషంత వాడు మూరెడయ్యాడు, మూరెడు వాడు బెత్తెడయ్యాడు, చివరికి ఒక ఎండుటాకై గచ్చు మీద పడ్డాడు. గురివింద చీపురు తెచ్చి, ఆ ఆకుని ఊడ్చి, ఎరువుగుంటలో పడేసింది. "ఇన్నాళ్ళకి పనికొచ్చాడు" అంది.

రెండు మొక్కలూ మనుషులయ్యాయి. వజ్రసేనుడు తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చాడు. కనకసేనుడు మోకాళ్ళు విదిలించుకుని, "రోజూ రెండు పూటలా నా కాళ్ళ మీద నీళ్ళు పారించింది నువ్వేనట్రా? జలుబు చేసింది!" అన్నాడు.

పడవెక్కేముందు దవనసేనుడు గురివింద దగ్గరికొచ్చాడు. "మా రాజ్యానికి వస్తావా?"

"అంట్లు తోమడానికా?"

"మొక్కలు చూడడానికి. మా రాజ్యం చాలా పొడవు. నాకు ఒక్కడికీ తెలియదు."

"అంట్లో?"

"నేను తోముతాను."

"సరే, పద. చూద్దాం" అంది గురివింద.

వాళ్ళు ఒడ్డుకి చేరేసరికి రాజ్యమంతా రత్నగంధి ఎండి పడి ఉంది. పడమటి కొస నుంచి తూర్పు కొస దాకా బోడి నేల. మహీసేనుడు కొడుకుల్ని కౌగిలించుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు, వెంటనే లేచి నిలబడి, "దండోరా వేయండి! ఆ మూడు మొక్కలూ రాజ్యమంతా నాటండి!" అన్నాడు.

"మళ్ళీనా?" అంది గురివింద. కొలువంతా ఉలిక్కిపడింది. ఈసారి రాణి నవ్వింది.

"మరేం చెయ్యమంటావు తల్లీ?" అన్నాడు రాజు.

"వాన దాకా ఏమీ చెయ్యొద్దు. ఎవర్నీ ఏమీ పీకనివ్వొద్దు. అంతే."

రాజుగారికి ఏమీ చెయ్యకుండా ఉండటం జీవితంలో మొదటిసారి. చాలా కష్టపడ్డాడు. ఖజానాలోంచి పొరుగు దేశాల ధాన్యం కొని ప్రజలకు పంచాడు, పంచనప్పుడు కిటికీలోంచి మబ్బుల్ని చూశాడు.

వాన వచ్చింది. ఎడారిలో ఒక జల్లు, గుట్టల మీద ఒక వారం, అడవిలో ఆగకుండా. నేల లోపల ఇన్నేళ్ళూ పడుకున్న గింజలు లేచాయి. ఎడారిలో లేచినవి గుట్ట మీద లేవలేదు, గుట్ట మీద లేచినవి అడవిలో లేవలేదు. ముళ్ళవి, జిగురువి, నేలంటేవి, పాకేవి, గోటంత ఆకువి, గొడుగంత ఆకువి. కొలువులో ఒక్కరికీ వాటి పేర్లు రావు. అప్పుడు ఎడారి నుంచీ గుట్టల నుంచీ అడవి నుంచీ ముసలమ్మల్ని పల్లకీల్లో రప్పించారు. రాజుగారు నేల మీద గొంతుక్కూచుని, "ఇదేమిటవ్వా?" అని అడిగేవాడు. అవ్వ చెప్పేది. రాజు పలికేవాడు. తప్పు పలికితే అవ్వ మొట్టేది.

ఆ మాఘమాసంలో దవనసేనుడికీ గురివిందకీ పెళ్ళి. కోట ముందు పందిరి వేశారు. పీటలు వేయడానికి నేల చదును చేస్తూంటే, పందిరి నట్టనడుమ ఒక మొలక కనబడింది. రెండే ఆకులు. పలుగు పట్టినవాడు ఆగిపోయాడు. ఎడారి అవ్వ వచ్చి చూసి, తల అడ్డంగా ఊపింది. గుట్ట అవ్వ వచ్చి ఆకు నలిపి వాసన చూసి, తల అడ్డంగా ఊపింది. అడవి అవ్వ చాలాసేపు చూసి, "నా పుట్టుకలో చూడలేదు" అంది.

పురోహితుడు, "ముహూర్తం దాటిపోతోంది, పీకేయమనండి ప్రభూ" అన్నాడు.

అందరూ రాజు వైపు చూశారు. మహీసేనుడు కిరీటం సర్దుకున్నాడు. పందిరి గుంజ ఒకదాన్ని తనే రెండు చేతులా పట్టుకుని, "అటు పట్టండయ్యా" అన్నాడు. కనకసేనుడు ఒక గుంజ, వజ్రసేనుడు ఒక గుంజ, పడవ ముసలాయన ఒక గుంజ. పందిరంతా నాలుగు బారలు అవతలికి జరిగింది. పెళ్ళి కాస్త ఆలస్యంగా, బాగానే జరిగింది.

దవనసేనుడూ గురివిందా ఆ పొడుగు రాజ్యాన్ని చాలా ఏళ్ళు ఏలారు. ఆరు నెలలు పడమటి నుంచి తూర్పుకి నడిచేవాళ్ళు, ఆరు నెలలు తూర్పు నుంచి పడమటికి నడిచేవాళ్ళు. పొరుగు రాజులొచ్చి మీ రాజ్యపు పువ్వు ఏదండీ అని అడిగితే, "ఎన్నాళ్ళుంటారు?" అని అడిగేవాళ్ళు.

అదీ సంగతి. ఇక లేవండి. లేచేటప్పుడు కాస్త కింద చూసుకుని అడుగెయ్యండి.